రెండు వృత్తులవాడి నిబంధన

లా చదివే శేషాద్రికి నిబంధనలంటే ప్రాణం. 1968లో తార్నాకలోని లచ్చవ్వ ఇంట్లో గది తీసుకున్నాక, యూనివర్సిటీ స్నేహితుల కోసం సొంతంగా ఒక ఆట కల్పించాడు. దానికి బోర్డు లేదు, పావులు లేవు. ఆడేవాళ్లే ఒకడు సైనికుడు, ఒకడు వైద్యుడు, ఒకడు దొంగ అయిపోవాలి. దారిలో వచ్చే ఆపదలు శేషాద్రి చెబుతాడు. గట్టెక్కారో లేదో పాచిక తేలుస్తుంది.

ఒక ఆదివారం వైద్యుడిగా ఆడే చంద్రయ్య రాలేదు. సైనికుడు గట్టయ్య, "వైద్యం గూడ నేనే చేస్త" అన్నాడు.

"ఒకే మనిషి రెండు పనులు ఎట్ల చేస్తాడప్పా?" అని శేషాద్రి కాసేపు ఆలోచించి, నోటుబుక్కులో రాశాడు. మనిషి బలం పది. రెండు వృత్తులవాడికి ఒక్కోదానికి ఐదే. వైద్యుడిగా ఉన్నప్పుడు టోపీ పెట్టుకోవాలి. అప్పుడు తెలిసింది టోపీ తీశాక తెలియకూడదు.

కాసేపటికే గట్టయ్య తొడలో బాణం దిగింది. టోపీ పెట్టుకుని ఎదుటి ఖాళీ చాపను అడిగాడు: "ఏమైంది?"

టోపీ తీశాడు. "బాణం దిగింది సాబ్."

పెట్టుకున్నాడు. "పది రోజులు లేవొద్దు."

తీశాడు. "నువ్వెవడివి చెప్పనీకి?"

మాటా మాటా పెరిగింది. దొంగగా ఆడుతున్న వెంకటనర్సయ్య సైనికుడికీ వైద్యుడికీ మధ్యకు వెళ్లి సర్దిచెప్పాడు.

గడపలో బియ్యం ఏరుతున్న లచ్చవ్వ చేట పక్కన పెట్టింది. "రెండు పనులు చేస్తే బలం సగమైతదా? నేను బర్రెను పిండుత, బట్టలు కుడుత, దిష్టి తీస్త, పురుడు పోస్త. నా బలమెంత బిడ్డా?"

"రెండున్నర, అవ్వా."

"రాస్కో," అంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

శేషాద్రికి చిన్నతనమనిపించింది. ఆఖరున వదలాల్సిన ఆపదను అప్పుడే వదిలాడు: కొండదారికి అడ్డంగా, ఇంత పొట్టతో, మూలుగుతూ పడుకున్న రాక్షసి.

గట్టయ్య కత్తి దూశాడు.

"లోపల పెట్టు," అంది లచ్చవ్వ. "దానికి నొప్పులొస్తున్నయి."

శేషాద్రి నోటుబుక్కంతా తిరగేశాడు. రాక్షసి నిండు చూలాలు కాకూడదని ఎక్కడా లేదు. "ఆరు పడాల," అన్నాడు, పడదన్న ఆశతో. ఆరే పడింది.

ఆడపిల్ల. రాక్షసి పక్కకు ఒత్తిగిలి దారి ఇచ్చింది. అందరూ బయల్దేరబోతే లచ్చవ్వ కదల్లేదు. "పచ్చి బాలింతను ఇడిసిపెట్టి యాడికి పోతరు?"

ఆవలి కోటలో నిధి ఉందని శేషాద్రి రెండుసార్లు గుర్తుచేశాడు. ఎవరూ లేవలేదు. ఇరవై ఒక్క రోజులు కొండమీదే విడిది అని తీర్మానమైంది. శేషాద్రికి ఒళ్లు మండింది. అయినా కొత్త పేజీ తీశాడు.

"పథ్యం ఏం పెట్టాల అవ్వా?"

"రాక్షసుల సంగతి నాకేమెరుక బిడ్డా? తెచ్చింది నువ్వు గదా?"

శేషాద్రి చాలాసేపు కలం కొరికాడు. చివరికి, 'వెల్లుల్లి కారం, ఏడు బండ్లు' అని రాశాడు.