సగం రొట్టె

పిండిముద్దను ఎత్తి బల్ల మీద కొట్టి, రెండు చేతులా ముందుకు నెట్టి, మళ్ళీ తన వైపు మడిచింది రొట్టెలక్క. బేకరీలో మిగతా పిండంతా మిషనే కలుపుతుంది. శనివారం నాడు ఈ పెద్ద ముద్ద మాత్రం ఆమె చేత్తోనే పిసకాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. కుడి ముంజేతి మీద ఓవెన్ తలుపు పెట్టిన వాతలు, పాతవాటి మీద కొత్తవి. ఎడమ చెయ్యి నిద్ర లేచినప్పటి నుంచీ బరువుగా లాగుతోంది. వయసు మీద పడ్డాక ఏదో ఒకటి ఉంటూనే ఉంటుందని సరిపెట్టుకుంది.

బేకరీ యజమాని తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమక్కా, ఇద్దరు దేవుళ్ళకీ కలిపి ఒకటే రొట్టేనా ఈ వారం కూడా?"

"ఇద్దరెక్కడున్నారయ్యా? ఉన్నది ఒక్కడే."

"ఆ ముక్కేదో వెళ్ళి ఆ రెండు చర్చిలవాళ్ళకీ చెప్పరాదూ?"

"వాళ్ళకి తెలీదా ఏంటి? కొట్టుకున్నది దాని మీదేగా!"

నిజమే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురున్నా దేవుడు ఒక్కడే అన్నారు పాత చర్చివాళ్ళు. ముగ్గురేమిటి, ఆ మూడు పేర్లూ యేసువే, ఉన్నది ఆయనొక్కడే అన్నారు ఇంకొందరు. ఒక్కడే అని ఇద్దరూ అన్నారు, అయినా ఇద్దరికీ పడలేదు. కుర్చీలు పంచుకున్నారు. మైకు ఎవరికి చెందాలో తేలక పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళారు. నాలుగు వీధుల అవతల కొత్త మందిరం లేచింది. రొట్టెలక్క చెల్లెలు మొగుడి వెంట అక్కడికి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో నిలబడి, "నీ దేవుడు వేరు, నా దేవుడు వేరు. ఇక నీకూ నాకూ మాటల్లేవు" అంది.

ఏడేళ్ళయింది. ఆ మాట ఇప్పటికీ రొట్టెలక్క గొంతులో ముల్లులా ఉంది. ఎందుకంటే ఆ నోటికి ప్రార్థన నేర్పింది ఆమే. అమ్మ పోయేనాటికి చెల్లెలికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్క చదువు మానేసి బేకరీలో చేరింది. పని నుంచి రాగానే వేడి రొట్టె విరిచి, లోపలి మెత్తటి భాగం గిల్లి చెల్లి నోట్లో పెట్టేది. పైన గట్టి పెచ్చంతా అక్క తినేది. ఆ పిల్ల మహా గడుసుది, పెచ్చు తగిలితే ఉమ్మేసేది.

ఒకసారి పడుకోబోతూ అడిగింది. "అక్కా, దేవుడికి అమ్మ ఎవరు?"

"ఎవరూ లేరు. ఆయన్ని ఎవరూ కనలేదు. అన్నిటికంటే ముందునుంచీ ఉన్నాడు. ఎప్పటికీ ఉంటాడు."

"అయ్యో, ఆయనకీ అమ్మ లేదా!" దుప్పట్లోంచి తల పైకెత్తి, "మరి ఇంకా ఏమీ లేనప్పుడు ఒక్కడే ఉంటే భయం వెయ్యలేదా?"

అక్క ఆలోచించింది. "ఒక్కడే గానీ ఒంటరివాడు కాదే. తండ్రి, కొడుకు, ఆత్మ... లోపల్లోపలే ఒకరికొకరు ఉన్నారు."

"మనలాగా?"

"ఆఁ, మనలాగే. పడుకో."

వేదాంతం సరిగ్గా చెప్పిందో తప్పు చెప్పిందో ఆమెకి ఇప్పటికీ తెలీదు. చెల్లెలు మాత్రం హాయిగా నిద్రపోయింది.

రొట్టె కాలింది. బయటికి తీసి, కాస్త ఆవిరి పోయాక, కత్తి పెట్టకుండా రెండు చేతులా పట్టి నడిమికి విరిచింది. ఆదివారం ప్రభువు భోజనానికి సగం పాత చర్చి బల్లకి, సగం కొత్త మందిరానికి. చర్చి చీలిన నెలలోనే ఆమె మొదలుపెట్టిన పని ఇది. తమకొచ్చేది సగం రొట్టె అని ఏ చర్చిలోనూ ఎవరికీ తెలీదు. పాత చర్చి అయ్యగారు దాన్ని బేకరీవాళ్ళ అశ్రద్ధ అనుకుని, విరిగిన వైపు గోడకు తిప్పి పెడతారు. కొత్త మందిరంలోనైతే అది సిలువ మీద ఈటె పోటుకి తెరుచుకున్న ప్రభువు ప్రక్క అని పాస్టరుగారు ఏకంగా ఒక ప్రసంగమే చేశారట. యజమాని ఆ సంగతి చెప్పినప్పుడు రొట్టెలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెల్లెలు ఆదివారం తన రొట్టే తింటుంది. ఆమెకి అదే చాలు. చాలు అనుకునేది.

ప్రతివారం మందిరం కాపలాదారు వచ్చి తీసుకెళతాడు. ఇవాళ అతనికి జ్వరం. మధ్యాహ్నం రొట్టె ఇంకా చల్లారకముందే కౌంటరు అవతల చెల్లెలు నిలబడి ఉంది. చెంపలు నెరిశాయి. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి.

"మందిరం రొట్టె."

"ఉండు." రొట్టెలక్క శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇచ్చింది. "వేడిగా ఉంది. గుడ్డ చివర్లు పట్టుకో, చెయ్యి కాలుతుంది."

"ఊఁ."

"తిన్నావా?"

చెల్లెలు పక్కకి చూసింది. "తిన్నా." తిరిగి వెళ్ళిపోయింది. ఊరంతా ఆమెని అక్కా అని పిలుస్తుంది, పిలవాల్సిన మనిషి తప్ప. రొట్టెలక్క లోపలికొచ్చి పిండి బస్తా మీద కూర్చుంది. ఎడమ చేతి బరువు ఛాతీలోకి పాకింది. గోడకి తల ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటే తగ్గుతుందిలే అనుకుంది.

చెల్లెలు రెండు వీధులు దాటింది. గుడ్డలోంచి వాసన ముఖానికి కొడుతోంది. ఎవరూ చూడటం లేదు కదా అని గుడ్డ తొలగించింది. చెయ్యి దానంతటదే వెళ్ళి, విరిగిన వైపు నుంచి మెత్తటి భాగం గిల్లి నోట్లో పెట్టింది. నమిలింది. అప్పుడు తట్టింది. ఇది ప్రభువు ప్రక్కా కాదు, ఏమీ కాదు. అక్క విరిచిన రొట్టె. దీనికి రెండో సగం ఎక్కడో ఉంది. ఎక్కడికి పోతుందో కూడా తెలిసింది. ఏడేళ్ళుగా ఇద్దరూ ఒకే రొట్టె తింటున్నారు.

వెనక్కి పరుగెత్తింది.

"లోపలుందమ్మా, కాస్త నడుం వాల్చింది" అన్నాడు యజమాని.

"అక్కా!" అంటూనే లోపలికి వెళ్ళింది. "అక్కా, ఇది ఒకటే కదా? ఒక్కటే కదా అక్కా?"

రొట్టెలక్క కళ్ళు తెరవలేదు. చెల్లెలు భుజం పట్టి కుదిపింది, చెంపలు తడిమింది, చిన్నప్పటి గొంతుతో మళ్ళీ మళ్ళీ పిలిచింది. యజమాని పరుగున వెళ్ళి తెచ్చిన డాక్టరు ఆమె నాడి చూసి, చేతిని మెల్లగా దించేశాడు. ఆ వేళ్ళ సందుల్లో పిండి ఎండి తెల్లగా ఉంది.

బల్ల మీద పాత చర్చి సగం అలాగే ఉంది. చెల్లెలు గుడ్డ విప్పి తన సగాన్ని దాని పక్కకి జరిపింది. రెండూ కలిశాయి, ఆమె గిల్లుకుని తిన్న చోట తప్ప. అక్కడ నడిమధ్యన బొటనవేలంత గుంట ఉండిపోయింది.