కలిసొచ్చిన బాక్సు

"ఎక్కడున్నావ్?"

షాపు నుంచి వేణుగోపాల్ ఫోన్ చేసేటప్పటికి ధనశ్రీ వంటింట్లో పప్పు కడుగుతోంది.

"ఇంట్లోనే అండీ. ఏం?"

అవతల ఎవరో గిరాకీ కోసం చీర విప్పి దులిపిన చప్పుడు వినబడింది.

"ఇంట్లోనా," అన్నాడు. అడిగినట్టు లేదు. పెట్టేశాడు.

మొగుడి కేకలంటే ధనశ్రీకి అంత భయం లేదు. కేకలు మొదలవుతాయి, అయిపోతాయి. ఇలా మాట తగ్గించినప్పుడే ఆమెకు భయం. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా పప్పు వెయ్యడం మర్చిపోయి నిలబడింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చే మనిషి కాదు, ఆ రోజు వచ్చాడు. తలుపు తీస్తే ఆమె వంక చూడలేదు. గుమ్మం పక్కనున్న ఆమె చెప్పులు తీసి, తిరగేసి, అడుగున వేలితో రాసి చూసుకున్నాడు.

"ఆటోలో వచ్చావా?"

"ఎక్కణ్నుంచండీ?"

ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. అందులో మ్యాపు. మ్యాపు మీద గుండ్రంగా ఆమె ఫొటో. కూతురు రాగిణి పుట్టినరోజున తీసింది, నవ్వుతున్నది. ఆ నవ్వు మొహం విజయవాడలో లేదు. కృష్ణ దాటి, మంగళగిరిలో, నెల కిందట వాళ్లు ఖాళీ చేసి వచ్చిన పాత ఇంటి మీద ఉంది. ఆ ఇంటికి రెండిళ్ల అవతలే ఆమె పుట్టిల్లు.

"పొద్దుట్నుంచీ చూస్తున్నా. అక్కడే ఉన్నావు. నేను బయల్దేరితే నీకు తెలిసిపోయిందన్నమాట. ఎవరు చెప్పారు? షాపులో కుర్రాళ్లెవరైనా చెబుతున్నారా?"

"నేను గుమ్మం దాటలేదండీ. రాగిణి మీద ఒట్టు."

"పిల్లని మధ్యలోకి లాగకు." గొంతు ఇంకా తగ్గింది. "నేనేం చెప్పానో గుర్తుందిగా?"

గుర్తుంది. ఆమె తల్లి హనుమాయమ్మ, తమ్ముడు కిరణ్‌కుమార్ వేణుగోపాల్‌కే నేసేవారు. నూలు అతనిది, డిజైను అతనిది, నేత వాళ్లది. పోయినేడు కిరణ్ అతని డిజైనులోనే చీర నేసి వేరే షాపుకి అమ్మాడు. ఆ షాపు అద్దాల్లో బొమ్మకి కట్టిన ఆ చీరని వేణుగోపాల్ కళ్లారా చూశాడు. ఆ రోజే నూలు ఆపేశాడు. తర్వాత షాపు బెంజ్ సర్కిల్ దగ్గరికి, కాపురం పటమటకి మార్చాడు. సామాను లారీ కదిలే ముందు, డ్రైవరు వింటుండగానే అన్నాడు: "మీ వాళ్ల ఇంటి గుమ్మం తొక్కితే మళ్లీ నా గుమ్మం తొక్కక్కర్లేదు. పిల్ల నా దగ్గరే ఉంటుంది." అనడమే కాదు, నిన్న రాత్రి భార్య ఫోను తీసుకుని, ఎక్కడుందో తన ఫోన్లో కనబడేటట్టు పెట్టుకున్నాడు.

అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన రాగిణి బ్యాగు దించుతూనే అడిగింది. "అమ్మా, నువ్వు పొద్దున్న ఎక్కడికైనా వెళ్లావా? నాన్న నన్ను కనుక్కోమన్నాడు."

ఎనిమిదో తరగతి పిల్ల. అడిగాక తల్లి మొహం చూసి, "నేనేం చెప్పన్లే," అని లోపలికి పోయింది.

మూడు రోజులు అలాగే గడిచాయి. గంటకోసారి ఫోన్. వీడియో పెట్టమంటాడు. వంటిల్లు చూపించమంటాడు, గోడ గడియారం చూపించమంటాడు. చూపిస్తే నమ్మినట్టు ఉండడు, పట్టుకోలేకపోయానన్నట్టు ఉంటాడు. మ్యాపు మీద మాత్రం ఆమె మంగళగిరిలోనే ఉంది. తను చెయ్యని తప్పు తన ఫొటో చేస్తోంది. ఒక దశలో ఆమెకే అనుమానం వచ్చింది, నిద్రలో లేచి గానీ వెళ్తున్నానా అని.

నాలుగో రోజు ధనశ్రీ తన ఫోన్లో తనే మ్యాపు తెరిచింది. నీలం చుక్క మంగళగిరి పాత ఇంటి మీద కూర్చుని ఉంది. ఫోన్ పట్టుకుని వీధిలోకి వచ్చి, కూరగాయల బండి దాకా నడిచింది. చుక్క ఒక్క గెంతులో నది దాటి పటమటకి వచ్చింది. ఇంట్లోకి వచ్చి హాల్లో కూర్చుంది. కాసేపటికి చుక్క మళ్లీ మంగళగిరి వెళ్లిపోయింది.

ఇంట్లో ఏదో దాన్ని అక్కడికి పంపిస్తోంది. చుట్టూ చూసింది. టీవీ పైన చెక్క మీద, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన వైఫై బాక్సు పచ్చ లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంది.

ఆ బాక్సు పాత ఇంటిది. అది పెట్టాకే చీరలు వీడియోలో చూపించి అమ్మడం మొదలై వ్యాపారం పుంజుకుంది. కలిసొచ్చిన బాక్సు అంటాడు వేణుగోపాల్. దసరాకి నూలు తూచే రాయితో పాటు దానికీ పూజ చేస్తాడు. ఇల్లు మారినప్పుడు ఇంటర్నెట్ వాళ్లు కొత్తది ఊరికే ఇస్తామన్నా వద్దని, దేవుడి పటాలతో పాటు దాన్ని కూడా తన ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కొత్తింట్లో పాలు పొంగకముందే దానికి కరెంటు పెట్టాడు.

ధనశ్రీ ఫోన్లో వైఫై ఆపింది. చుక్క నెమ్మదిగా పటమటకి వచ్చింది. పెట్టింది. మంగళగిరి. ఆపింది. పటమట. ఇలా చేసినట్టు కూడా అతనికి తెలుస్తుందేమో.

ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. "గోడల మధ్య ఉంటే ఫోన్‌కి శాటిలైట్ సరిగా అందదు మేడమ్. అప్పుడు పక్కనున్న వైఫై బాక్సుని బట్టి తనెక్కడుందో లెక్కేసుకుంటుంది. మీ బాక్సు ఏళ్ల తరబడి మంగళగిరిలో ఉంది కదా, మ్యాపు వాళ్ల దగ్గర అదే ఉండిపోయింది. చుట్టుపక్కల వేరే వైఫైలు ఉంటే ఈపాటికి సరైపోయేది."

చుట్టుపక్కల ఎవరున్నారు! కొత్త అపార్ట్‌మెంటు, వాళ్ల అంతస్తులో మిగతా ఫ్లాట్లన్నీ తాళాలే.

"మరి ఎప్పటికి సరవుతుందమ్మా?"

"చెప్పలేం మేడమ్. రేపే కావచ్చు, ఇంకో నెల పట్టొచ్చు. దానంతటదే మారిపోతుంది. లేదంటే బాక్సు మార్చేసుకోండి."

రాత్రి భోజనం దగ్గర మజ్జిగ పోస్తూ ధనశ్రీ అంది. "ఒకసారి మీ ఫోన్లో మీరెక్కడున్నారో చూసుకుంటారా?"

"నేనా? నీ ఎదురుగానే ఉన్నాగా."

"చూడండి."

ఎడమ చేత్తో తెరిచాడు. మజ్జిగన్నం కలుపుతున్న కుడి చెయ్యి ఆగిపోయింది. అతను కూడా మంగళగిరిలో ఉన్నాడు. ఆమె ఫొటో, అతని ఫొటో ఒకదాని మీద ఒకటి, పాత ఇంటి మీద. ధనశ్రీ బాక్సు సంగతి చెప్పింది. ఫోన్ తీసుకుని వైఫై ఆపి చూపించింది. చుక్క పటమటకి వచ్చింది. రాగిణి పకపకా నవ్వింది. "నాన్నా, నువ్వు కూడా అమ్మమ్మ వాళ్ల వీధిలో తిరుగుతున్నావు!"

వేణుగోపాల్ కూడా నవ్వాడు. ధనశ్రీ ఎదురుచూసిన మాట మాత్రం అనలేదు. "ముందే చూసుకోవద్దూ? అనవసరంగా నా బుర్ర తిన్నావు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"బాక్సు మార్చేద్దామాండీ?"

"కలిసొచ్చిన బాక్సు ఎవడన్నా మారుస్తాడా? అదే సర్దుకుంటుందిలే. మంగళగిరి చూపిస్తే ఇంట్లో ఉన్నావని అనుకుంటా, అంతే కదా."

అంతే. ఆ మాటతో ఆమెకు నాలుగు రోజుల తర్వాత నిద్ర పట్టింది.

రెండు రోజులకి కిరణ్‌కుమార్ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ మగ్గం గుంటలోకి దిగుతూ జారిపడింది. చీలమండ విరిగింది. కట్టు కట్టారు. జ్వరం తగ్గట్లేదు. నువ్వు రాలేవని నాకు తెలుసు, చెప్పకపోతే తిడతావని చెబుతున్నా." మళ్లీ తనే, "నా వల్లే కదక్కా ఇదంతా," అన్నాడు. ధనశ్రీ ఫోన్ పెట్టేసింది.

గిన్నెలు తోముకుంది. బట్టలు ఆరేసింది. టీవీ మీద పచ్చ లైట్ల వంక చూసింది. మంగళగిరి చూపిస్తే ఇంట్లో ఉన్నావని అనుకుంటా. అతను అన్న మాటే. కానీ ఆ అమ్మాయి ఏమంది? రేపే కావచ్చు. తను అక్కడుండగా బాక్సు సరైపోయి, ఇంటికొచ్చిన అతని ఫోన్ పటమట చూపించడం మొదలుపెడితే? అప్పుడు మంగళగిరి అంటే మంగళగిరే.

మర్నాడు రాగిణి స్కూలు బస్సెక్కగానే బయల్దేరింది. ఫోన్ ఇంట్లో వదలడానికి లేదు, అతను చేస్తే ఎత్తాలి. దారిలో చుక్క కదులుతూ కనబడకుండా డేటా ఆపేసింది. బెంజ్ సర్కిల్ దగ్గర షాపు ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి బస్సెక్కి, కొంగు తల మీదుగా లాక్కుంది. వారధి మీద గాలికి కిటికీ అద్దం గడగడలాడుతుంటే ప్రతి బైకు మీదా అతని చొక్కా రంగు కనబడింది.

పుట్టింటి గుమ్మంలో చెప్పులు వదలబోయి ఆగింది. తీసి లోపల మంచం కిందికి తోసింది. డేటా పెట్టింది.

హనుమాయమ్మ చిక్కిపోయి ఉంది. కూతుర్ని చూసి లేవబోయింది. "అల్లుడికి చెప్పే వచ్చావా?"

"చెప్పానమ్మా."

"అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు పక్కకి చూస్తావు, చిన్నప్పట్నుంచీ," అంటూ ఆవిడ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. గుంటలో కూర్చుని నేస్తున్న కిరణ్ మగ్గం ఆపలేదు. తల్లీకూతుళ్ల ఏడ్పు వీధికి వినబడకుండా ఉంటుందనేమో.

గంజి తాగించి, తల తుడుస్తుంటే ఫోన్ మోగింది.

తమ్ముడి వైపు వేలు పైకెత్తింది. మగ్గం ఆగింది.

"ఇంకా మంగళగిరిలోనే చూపిస్తోందేంటే నిన్ను?" వేణుగోపాల్ నవ్వుతున్నాడు. గిరాకీ బాగున్నట్టుంది.

"అవునండీ."

"ఒక పని చెయ్యి. షాపులో లక్ష్మీకాంత్ అంటున్నాడు, బాక్సు ఒకసారి ఆపి పెడితే సరైపోతుందట. ఆపు, నేనిక్కడ చూస్తుంటా."

"సరేనండీ." మంచం పట్టె మీద కూర్చుని ఎదుటి గోడనే చూసింది. టీవీ దాకా నడిచేంత సేపు, చెయ్యి చాపేంత సేపు. "ఆపానండీ."

"ఉండు."

తల్లి చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుసుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆపావా?"

"ఆపానండీ."

"మారలేదే." ఆగాడు. "ఇంకా కొంచెం జరిగింది కూడా. పాత ఇంటి మీద లేదు." నవ్వు పోయింది. గొంతు తగ్గింది. "మొన్న వైఫై ఆపితే పటమట వచ్చింది కదా, ధనా?"

ఏ అబద్ధానికైనా ఇంకొంచెం టైము దొరుకుతుంది. వీడియో పెట్టమనే దాకా. ఆ తర్వాత చెప్పుల అడుగు, రాగిణిని అడగడం, గడియారం చూపించడం. అన్నీ మళ్లీ మొదట్నుంచీ. తల్లి మొహం చూసింది. గుంటలో తమ్ముడు చేతులు పైనే ఉంచి, చిన్నపిల్లాడిలా తన వంకే చూస్తున్నాడు.

"ఎక్కడున్నావ్?"

ధనశ్రీ తమ్ముడికి నేత కానివ్వమని తలూపింది. కిరణ్ నమ్మలేనట్టు చూశాడు. ఆమె మళ్లీ తలూపింది. కాలి కింది పలక తొక్కాడు. నాడె పోగు లాక్కుంటూ అటు పోయింది, ఇటు వచ్చింది. పోగును బిగిస్తూ దబ్బుమని పన్నె పడింది.

"ఏంటా చప్పుడు?"

ఆమె ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"మగ్గమండీ," అంది. "అమ్మకి ఒంట్లో బాగాలేదు. సాయంత్రం రాగిణి బస్సు వేళకి వచ్చేస్తాను."

అవతల మాట లేదు. పెట్టెయ్యలేదు కూడా. ధనశ్రీ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో తడిగుడ్డ తీసి తల్లి నుదుటి మీద వేసింది.