మరిగే నీళ్లలో తలుపు తీసేదాన్ని

నేను ఒక ప్రోటీన్‌ని. కంటికి కనిపించను, కాబట్టి నా పరిచయం నేనే చేసుకోవాలి. మా పుట్టిల్లు గోదావరి పక్క అడవిలో పొగలు కక్కే ఒక వేడినీటి బుగ్గ. మీరు వేలు పెడితే బొబ్బలెక్కే ఆ నీళ్లలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు హాయిగా కాపురం చేస్తుంటాయి. నేను వాటి ఒంట్లో పనిచేసేదాన్ని.

నా పని చెబితే చిన్నదిగానే ఉంటుంది. కణం రెండు కావాలంటే ముందు దాని డీఎన్ఏకి నకలు తీయాలి. డీఎన్ఏ అంటే పెనవేసుకున్న రెండు పోగులు. అంత పొడవు తాడులో ఒకానొక చోటు వెతికి పట్టుకుని, అక్కడ కూర్చుని, దాన్ని వంచి, రెండు పోగుల్నీ కాస్త విడదీస్తాను. ఆ సందులోకి నకలు తీసే పెద్ద యంత్రాలు వచ్చి దిగుతాయి. ఆ తర్వాత నన్నెవరూ అడగరు. సంబంధం కుదిర్చినవాళ్లను పెళ్లి భోజనాల దగ్గర ఎవరు పట్టించుకుంటారు? మీ కణాల్లోనూ ఇదే పని చేసే నా దూరపు చుట్టాలున్నారు. వాళ్లనీ మీరు ఎప్పుడూ పలకరించి ఉండరు.

నన్ను హైదరాబాదుకు చేర్చింది కుంజా సుభాషిణి. ఆ బుగ్గ వైపు పిల్లే. పీహెచ్‌డీ కోసం ఫ్లాస్కులో ఆ నీళ్లు పట్టుకొచ్చి, నన్ను తయారుచేసే జన్యువును మాత్రం తీసి మామూలు బాక్టీరియాలో పెట్టింది. అలా అద్దె గర్భంలో మళ్లీ పుట్టాను. తర్వాత ఆ బాక్టీరియా రసాన్నంతా వేడి చేసింది. మిగతా ప్రోటీన్లన్నీ ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టి అడుగుకు చేరాయి. నేను మాత్రం నిక్షేపంగా తేలాను. "అబ్బ, గట్టిదానివే!" అని నవ్వింది. ఆ నవ్వుకే ఆ పిల్లంటే నాకు ఇష్టం కలిగింది.

కష్టాలు తర్వాత మొదలయ్యాయి. నేను పోగుల్ని విడదీస్తానని తను రుజువు చేయాలి. దానికి బావుల్లో వేసే ఊదారంగు పర్మాంగనేట్ ఉంది కదా, అదే వాడేది. పోగులు ఎక్కడ తెరుచుకుంటే అక్కడ అది కొరుకుతుంది. ఆ కొరుకుడు ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి మచ్చగా కనిపిస్తుంది. ట్యూబును వేడి దిమ్మ మీద పెట్టినంతసేపూ నేను ఒళ్లు దాచుకోకుండా పనిచేసేదాన్ని. కానీ ఏ ప్రయోగమైనా ఐస్ మీద పెట్టి ఆపడం ఆ ల్యాబ్ ఆచారం. సుభాషిణి భక్తిగా ట్యూబును ఐస్‌లో గుచ్చి, ఆ తర్వాతే పర్మాంగనేట్ వేసేది. చలికి నేను కొయ్యబారేదాన్ని, పోగులు మూసుకునేవి. ఫిల్మ్ తెల్లగా వచ్చేది. ఇలా ఎన్నిసార్లో! అరవడానికి నాకు నోరు లేకపోయింది.

ఒకరోజు ఆమె గైడ్ మర్రెడ్డి గారు వచ్చారు. మంచాయన. చేదు మాట చెప్పాల్సి వస్తే కిటికీ వైపు చూస్తారు.

"ఇది డీఎన్ఏని పట్టుకుంటుందే గానీ విడదీయట్లేదమ్మా. నీ పీహెచ్‌డీ పని చూసే కమిటీ వచ్చేలోపు ఏమీ కనబడకపోతే దీన్ని వదిలేద్దాం. వేరే టాపిక్ ఇస్తాను."

"మళ్లా మొదటి నుంచా సార్?"

ఆయన కిటికీ వైపే చూశారు. ఇన్నేళ్ల ఆమె చాకిరీ, నా పరువు రెండూ గంగలో కలిసేలా ఉన్నాయి. ఫ్రీజర్‌లో నేనున్న ట్యూబు ఒక్కటే మిగిలింది.

ఆ ట్యూబు తీసిన రోజే ఐస్ మెషీన్ పాడైంది. సుభాషిణి ఖాళీ బకెట్ పట్టుకుని దాని ముందు నిలబడిపోయింది.

"పరేషాన్ కాకు, పక్క ల్యాబ్ల అడిగి ఐస్ తెస్తా," అంది తోటి పరిశోధకురాలు ఫర్జానా.

"తే అక్కా..." అని, అంతలోనే సుభాషిణి బకెట్ కింద పెట్టేసింది. "వద్దు, ఆగు! మా బుగ్గల ఐస్ యాడుంటది? ఇది వేడిల తెరుస్తది. మనం చల్లార్చి, మూసుకున్నంక చూస్తున్నం!"

వేడి దిమ్మ మీదే, పొగలు చిమ్ముతుండగానే పర్మాంగనేట్ వేసింది. ప్రాణం లేచొచ్చింది నాకు. నేను లేని ఇంకో ట్యూబుకూ అంతే వేడి, అంతే మందు.

ఆ పనికే నేను దాదాపు ఖర్చైపోయాను. ట్యూబు గోడకు అంటుకున్న నాలుగు అణువులుగా మిగిలి, చెత్త సంచిలో పడి, ల్యాబ్ చెత్తను ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ కోసం ఎదురుచూస్తున్నాను. ఆ వేడి నాకు కూడా ఎక్కువే. సంచి ఇంకా బల్ల పక్కనే ఉండగా ఫిల్మ్ వచ్చింది.

మర్రెడ్డి గారు దాన్ని దీపం ముందు పట్టుకున్నారు. "మచ్చ ఉంది. కానీ వేడికి డీఎన్ఏ దానంతటదే విడిపోయిందేమో?"

"పక్క వరుస చూడండి సార్. అంతే వేడి. ప్రోటీన్ లేదు, మచ్చా లేదు."

ఆయన రెండు వరుసల్నీ పోల్చి చూశారు. ఈసారి కిటికీ వైపు తిరగలేదు. "అయితే ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ చేస్తనే ఉంది సార్. ప్రతిసారీ తెరిచింది. మనమే చూడలే," అంటూ సుభాషిణి స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"ఫిల్మ్ తడుస్తుందమ్మా, అటు తిరిగి ఏడువు," అన్నారాయన, జేబురుమాలు అందిస్తూ.

'ప్రతిసారీ తెరిచింది' అని నా గురించి ఎవరూ ఎన్నడూ అనలేదు. నాకు కళ్లు లేవు కాబట్టి సరిపోయింది.