నాలుగో ట్యూబు

మూడు వేల రెండు వందల పదకొండా, పన్నెండా, నిన్న సాయంత్రం చూసినప్పుడు పదకొండే, ఈ పూట ఇంకా చూడలేదు, చూడకుండా ఉండటం ఇదే మొదటిసారేమో, ఇరవై రెండేళ్ల కిందటి నా పేపర్‌ని ఎంతమంది పరిశోధకులు తమ వ్యాసాల్లో ఉదహరించారో పళ్లు తోముకోకముందే చూసుకునే అలవాటు నాది, జ్వరం ఉన్నవాళ్లు థర్మామీటర్ చూసుకున్నట్టు, ఒకసారి స్కూలు టీచరైన మా అక్కకి గొప్పగా చూపిస్తే, ఇంతమందీ చదివే రాశారటే అంది, అందరూ చదవరక్కా, ఒకరు రాస్తే అది చూసి ఇంకొకరు రాస్తారు అన్నాను నీళ్లు నములుతూ, ఓస్, మా క్లాసులో దాన్ని కాపీ అంటామే అని పకపకా నవ్వింది, అప్పుడు ఒళ్లు మండింది, ఇప్పుడు నాకే నవ్వొస్తోంది, ఎదురుగా యంత్రం తెర మీద నాలుగో ట్యూబు కూడా మెరుస్తుంటే నవ్వొస్తోంది, మతిగానీ పోయిందా నాకు.

మెరవకూడదు, అందులో ఉన్నవి నా పేపర్లో చెప్పిన ప్రోటీన్ అసలు లేకుండా పుట్టించిన ఎలుకల కణాలు, రోగనిరోధక కణాలు మన ఒంటి మీదే తిరగబడకుండా కాపలా కాసే కణాలున్నాయే, వాటి మీద ఆ ప్రోటీన్ ఉంటుందని చెప్పింది నేనే, దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని తయారుచేసిందీ నేనే, ప్రోటీన్ ఉన్నచోట అది అతుక్కుని మెరవాలి, లేనిచోట చీకటిగా ఉండాలి, లేనిచోటా ఇంత ధగధగలాడుతోందంటే ఇన్నేళ్లూ అది ఇంకేదాన్నో పట్టుకుని వేలాడుతోందన్నమాట, ఆ వేలాడటం మీదే నేను ప్రొఫెసర్నయ్యాను, ఆ రోజుల్లో ఇలాంటి ఎలుకలు లేవు, అది నిజం, పదకొండేళ్ల కిందట పక్క ల్యాబ్‌వాళ్లు పుట్టించారు, అదీ నిజమే, ఆ వారమే మా టెక్నీషియన్, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన, అడిగాడు, మేడమ్, మన యాంటీబాడీ వీటి మీద కూడా ఓసారి వేసి చూద్దామా, ఒక్క పూట పనే కదా, చూద్దాంలే బాబాయ్, ఈ హడావిడి కాస్త తగ్గనీ అన్నాను, ఏ హడావిడీ లేదు, ఆయనకీ తెలుసు లేదని, మళ్లీ అడగలేదు, నేనూ తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను, ఎలుకల గది ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం నా నడక దానంతటదే వేగం అందుకునేది.

పది రోజుల కిందట ఆ ఉత్తరం రాకపోతే ఇంకో పదకొండేళ్లు అలాగే నడిచేదాన్ని, ఎవరో పరిశోధక విద్యార్థిని, వేరే ఊళ్లో ల్యాబ్, మేడమ్, మీ యాంటీబాడీ వేస్తే కణాలు మెరుస్తున్నాయి, ఆ కణాల్ని పగలగొట్టి వెతికితే ప్రోటీన్ దొరకట్లేదు, ఏడుసార్లు చేశాను, మూడు వేలమందికి రాని అనుమానం నీకెందుకొచ్చింది, నీ చేతులే బాగోలేవు అంటున్నారు మా గైడు, అదే అయ్యుంటుంది మేడమ్, ఈ నెలాఖరుకి మానేద్దామనుకుంటున్నా, ఆ లోపు ఒక్కసారి మీరు చేస్తుంటే పక్కన నిలబడి చూడనిస్తారా, ఇదీ ఉత్తరం, నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అంటించేదాన్ని, వాదించడం నాకు వెన్నతో పెట్టిన విద్య, ఈ పిల్ల నేర్పించమంటోంది, ఏం నేర్పించను, పది రోజులు తిండి సహించలేదు, ఈరోజు పొద్దున్నే వచ్చి, బాబాయ్, ఆ ఎలుకల కణాలు కావాలి అన్నాను, ఎందుకని అడగలేదు ఆయన, మీ గ్లవ్స్ సైజు ఇంకా ఆరున్నరేనా మేడమ్ అన్నాడంతే.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను, రాలేదు, ఆకలేసింది, విపరీతంగా ఆకలేసింది, బాబాయ్ డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు లాక్కుని తింటూనే జర్నల్‌కి రాశాను, నా పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను, యాంటీబాడీ వేరేదానికి అతుక్కుంటోంది, ఈ పరీక్ష పదకొండేళ్ల కిందటే చేయగలిగి ఉండీ చేయలేదు, ఆ చివరి వాక్యం రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఉంచాను, పంపాను, పైకప్పు ఊడి మీద పడలేదు, ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది, అయిపోయింది, నా మీద కమిటీ వేస్తారు, వెయ్యనీ, దేశదేశాల సభల్లో చెవులు కొరుక్కుంటారు, కొరుక్కోనీ, గుండెల మీంచి కుంపటి దించినట్టుంది, ఇంత హాయి ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని కదా.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, హలో అంది బితుకుబితుకుమంటూ, పేరు చెప్పగానే, సారీ మేడమ్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను అని మొదలెట్టింది, ఆగమ్మా, ఏడుసార్లూ నువ్వు చేసింది కరెక్టే, తప్పు నా పేపర్లో ఉంది, నీ చేతులు బంగారంలాంటి చేతులు, మీ గైడుకి కూడా నేనే చెబుతాను, అవతల ముక్కు చీదిన శబ్దం, అయితే మేడమ్, నేను మానేయక్కర్లేదా, అక్కర్లేదు తల్లీ, అసలు మానేయకు అన్నాను, అని ఫోన్ పెట్టేశాక ఇందాక ఊడదీసిన గ్లవ్స్ బుట్టలో వేస్తూ ఆగిపోయాను, ఈ తప్పు బరువు నేనే మోస్తున్నాననుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ, నేనెక్కడ మోశాను, ఇలాంటి పిల్లలు మోశారు, ఏ ల్యాబ్‌లోనో ఒక్కొక్కరూ తమ చేతులకేసి చూసుకుని, ఇక మనకి రాదులే అనుకుని తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో, వాళ్లని ఇక వెతకలేను, ఈ అమ్మాయి మాత్రం రేపు పొద్దున తన ల్యాబ్‌కి వెళ్తుంది.