సాంచాలు ఆగిన పూట

దారం తెగింది. రాములవ్వ అటు చూడకుండానే చేయి చాపి, తిరుగుతున్న కండెను బొటనవేలితో ఆపి, తెగిన కొసలు రెండూ కలిపి ముడివేసి వదిలేసింది. కండె మళ్లీ తిరగసాగింది. బొటనవేలి పక్కన దారం కోసీ కోసీ ఏర్పడ్డ గాడి ఒకటి ఉంది. ఎండాకాలం నల్లగా ఉండేది, చలికాలం పగిలి ఎర్రబడేది. కనుబొమ్మల మీదా, చెవుల వెనకా నూలు నూగు. యాభై దాటిన మనిషి సాయంత్రమయ్యేసరికి ఆ నూగుతో డెబ్బై ఏళ్ల ముసలిదానిలా కనిపించేది.

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. యజమాని శ్రీశైలం కార్ఖానాలో అవి నడుస్తున్నంతసేపూ పక్కనున్నవాడు తిట్టినా దీవించినా ఒక్కటే. రాములవ్వకు ఆ చప్పుడంటే ప్రాణం. ఆ చప్పుడులో మనిషికి తన లోపలి మాట వినిపించదు. కరెంటు పోయిందంటేనే చావు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ చావు రోజూ ఉంటోంది. బస్సులు డిపో దాటడం లేదు, బడులకు తాళాలు, గనుల్లో బొగ్గు తీయడం లేదట. కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు.

పోయినప్పుడల్లా ఆమె ఒకసారి పైకి చూసేది. రేకుల సందులోంచి కనిపించే జానెడు ఆకాశాన్ని చూసి, ఏమీ లేదని నిమ్మళించి, మళ్లీ తల దించుకునేది. ఎందుకు చూస్తావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది కూడా కాదు.

ఎల్లారెడ్డిపేట దిక్కున బావులెండిపోయిన కాలంలో, మొగుడు లచ్చయ్యతో కూలికి వచ్చింది సిరిసిల్లకు. లచ్చయ్య సాంచా మీద నిలబడి సంపాదించింది సాయంత్రం కల్లు కంపౌండులో కూర్చుని తాగేవాడు. వాళ్లింటికి ఒక రోజు యాకోబన్న వచ్చాడు. కోరుట్ల నుంచి వచ్చి, మానేరు దిక్కున ఒక రేకుల షెడ్డులో యేసు ప్రార్థనల సంఘం నడుపుతున్న మనిషి. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. కేక వేసేవాడు కాదు, నెమ్మదిగా మాట్లాడేవాడు, అనుకున్నది వదిలేవాడు కాదు. మొగుడూ పెళ్లాలిద్దరూ సంఘంలో చేరారు, లచ్చయ్య తాగుడు మానాడు. ఆ మేలు అబద్ధం కాదు. లచ్చయ్య దగ్గీ దగ్గీ పోయినప్పుడు కడుపులో పెట్టుకుని చూసిందీ ఆ సంఘమే. బియ్యం బస్తా భుజాన మోసుకొచ్చి గడపలో దించింది యాకోబన్నే.

ఊరికే ఏదీ రాదు కదా. బొట్టు పోయింది, పూలు పోయాయి, సినిమా పోయింది. పండుగ కూడు, పెళ్లి కూడు, బోనాల కూడు అన్నీ నిషిద్ధమయ్యాయి. శ్రీశైలం భార్య పద్మజ మొదట్లో ప్రతిదానికీ పిలిచేది. "దావత్‌కు రావే రాములవ్వా" అనేది. రాములవ్వ రానని తల ఊపేది. ధర్నాలకు కూడా పోకూడదని సంఘం కట్టడి. మనది ఈ లోకం కాదు, మనకు ఏ రాష్ట్రమైతే ఏమిటనేవాడు యాకోబన్న. పిలిచినవాళ్లు పిలిచి పిలిచి నోరు నొచ్చి మానేశారు.

అన్నిటికన్నా పెద్దది ఎత్తుకునే దినం. ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా, ప్రభువు వస్తాడు. పవిత్రంగా ఉన్నవాళ్లు ఉన్నచోటి నుంచే పైకి పోతారు. పొయ్యి మీది కూర పొయ్యి మీదే ఉంటుంది, ఒంటి మీది బట్టలు నేల మీద కుప్పగా పడి ఉంటాయి, మనిషి మాత్రం ఉండడు. మిగిలినవాళ్లకు ఇక తలుపు తెరవరు. సంఘం గోడ మీద దాని బొమ్మ కూడా ఉండేది: రోడ్డు మీద ఖాళీ చొక్కా, ఖాళీ చీర.

రెండేళ్ల కింద ముస్తాబాద్‌లో ఆమె అక్క బుచ్చవ్వ చనిపోయింది. అక్క సంఘం మనిషి కాదు. కడుపున ఆడపిల్ల లేని మనిషి. రాములవ్వ పోయి, అక్కకు నీళ్లు పోసి, పసుపు రాసి, నొసట బొట్టు పెట్టింది. సంగతి తెలిసి ఆదివారం నాడు యాకోబన్న ఆమెను అందరి ముందు నిలబెట్టాడు. తప్పు ఒప్పుకొమ్మన్నాడు. అడుగుతున్నప్పుడు ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. రాములవ్వ, "మా అక్క మొఖం బోసిగుంటే సూడలేకపోయిన. గది తప్పెట్లయితది?" అంది. అని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. సంఘంలో ఆ తర్వాత ఎవరూ ఆమెకు వందనం చెప్పకూడదు, ఆమె చేతి నీళ్లు తాగకూడదు. కోరుట్లలో, సంఘంవాళ్లింటికే కోడలిగా ఇచ్చిన బిడ్డ సుమలత కూడా తల్లి ఫోన్ తీయడం మానేసింది.

ఇంతా చేసి, బయటికొచ్చింది మనిషే. భయం ఆమె వెంటే వచ్చింది. అక్క నొసట పెట్టిన బొట్టు తన నొసట పెట్టుకునే ధైర్యం ఆమెకు ఇప్పటికీ లేదు. ప్రార్థన చేయాలంటే దేవుడు వింటాడో లేదో అని భయం, మానేస్తే చూస్తున్నాడేమో అని భయం. బిడ్డ పైకి పోతుంది, తను కింద మిగులుతుంది. ఎన్నటికీ కలవదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు కూడా ఈ మాటే.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. సద్ది విప్పుకుని పచ్చిపులుసుతో నాలుగు ముద్దలు తిని, నూలు బస్తాల వెనక చాటున నడుం వాల్చింది. పొద్దున్నుంచీ కూర్చుని ఉన్న నడుం. కళ్లు మూతపడ్డాయి.

లేచేసరికి చప్పుడు లేదు.

కరెంటు లేనప్పుడు సాంచాలు నడవవు గానీ మనుషులుంటారు. సుపారి నములుతూ ముచ్చట్లు పెడతారు, పోరగాళ్లు గోలీలాడతారు, ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తిడతారు. ఇప్పుడు అదేదీ లేదు. ఆమె లేచి బస్తాల చాటునుంచి బయటికి వచ్చింది. హన్మంతు నిలబడే సాంచా ముందు, అతను నిలబడేచోటే, లుంగీ కుప్పగా పడి ఉంది. మీద బనీను.

సంఘం గోడ మీద చూసిన బొమ్మే అది.

"హన్మంతూ" అని పిలిచింది. గోడ పట్టుకుని శ్రీశైలం ఇంటి వైపు పోయింది. తలుపు బార్లా తీసి ఉంది. వంటింట్లో కత్తిపీట ముందు సగం కోసిన వంకాయ, నల్లబడుతోంది. పక్కింట్లో ఎవరూ లేరు. ఎదురింట్లో ఎవరూ లేరు. సందు మధ్యలో చిన్నపిల్ల చెప్పు ఒకటే పడి ఉంది. ఆకాశం మామూలుగానే నీలంగా ఉంది, అది ఇంకా భయం. అంత పని చేసి ఏమీ ఎరగనట్టు ఉంది.

కొంగు ముడిలోంచి ఫోన్ తీసి సుమలతకు చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. రోజూ తీయని బిడ్డ ఇవాళ తీయకపోతే దానికేమిటి అర్థం?

వీళ్లంతా బొట్లు పెట్టుకునేవాళ్లు, హన్మంతు రోజూ తాగేవాడు, వీళ్లనెందుకు తీసుకుపోతాడన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చి, ఇంకా ఘోరంగా మారింది. వాళ్లనందరినీ క్షమించి, నిన్నొక్కదాన్నే వద్దన్నాడు. తెలిసి తెలిసి వదిలిపోయినదానివి నువ్వే కదా.

ఒక్కటే దారి తోచింది. యాకోబన్న ఇంటికి పోవాలి. ఆయన ఉంటే ఆ దినం రానట్టు. ఆయన లేకపోతే వచ్చినట్టు. చెప్పులు వేసుకోకుండా మానేరు దిక్కు ఉరికింది. దారిలో తాళం లేని దుకాణాలు, మేకలు, ఒక కుక్క. మేకలు ఆమెను చూసి బెదరలేదు. మనిషి ఒక్కడూ ఎదురుపడలేదు.

యాకోబన్న ఉన్నాడు.

ఇంటి ముందు, తలుపు చెక్కను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఉన్నాడని సంతోషపడబోయిన రాములవ్వ ఆ మొహం చూసి ఆగిపోయింది. అద్దంలో రోజూ చూసుకునే మొహం అది. తన భయమే ఆయన మొహాన ఉంది.

"నువ్వు గూడ ఉన్నవా?" అన్నాడు.

"ఉన్ననే అన్నా."

"ఇంకెవలన్న కనవడ్డరా?"

"ఎవ్వలు లేరు."

ఆయన గడపలో కూలబడ్డాడు. "మా పోరడు అజయ్ గూడ లేడు. రోడ్డు మీదికి పోతనని పొద్దుగాల నాతోని కొట్లాడిండు. పోవద్దన్న. జెర్ర కన్నంటుకున్నది, లేసి సూస్తే వాడు లేడు. వాడు మాట ఇనడు, ప్రార్థనకు కూసోడు. అసొంటోన్ని తీస్కపోయిండు. నన్ను ఇడిసిపెట్టిండు. నేనేం తప్పు జేసిన రాములవ్వా?"

జగిత్యాల సభల్లో వేలమంది ముందు నిలబడి, మిగిలిపోయేవాళ్ల గతి చెప్పి ఆడవాళ్లను ఏడిపించిన మనిషి. ఇన్నేళ్లూ ఆయన తలుపుకు లోపలి వైపున ఉన్నాడనుకుంది. ఆయనా తనలాగే రోజూ ఆకాశం వైపు చూసి నిమ్మళించుకున్నవాడేనా? ఆమెకు కోపం రావలసింది. జాలి వేసింది. జాలి వేయగానే తల పని చేయడం మొదలుపెట్టింది.

రోడ్డు మీదికి. నిన్న ఆటోలో మైకు తిరిగింది కదా. రేపు అంతా రోడ్ల మీదే వండుకుని తినాలె, తెలంగాణ ఇచ్చేదాంక పొయ్యి రోడ్డు మీదనే అని. హన్మంతు లుంగీ విడిచి ప్యాంటు వేసుకుపోయాడు. సాంచాలవాళ్లు ఆమెను లేపలేదు. ఎందుకు లేపుతారు? ఆమె రాదని వాళ్లకు తెలుసు.

"ఏం గాలేదు అన్నా" అంది. "రోడ్డు మీద వంటలు గద ఇయ్యాల. అందరు గాడికే పోయిండ్రు. నీ కొడుకు గూడ గాడనే ఉన్నడు."

ఆయన నమ్మలేదు. గాలి అటు నుంచి తిరిగినప్పుడు కట్టెల పొగ వాసన వచ్చింది, దాని వెనకే సన్నగా నినాదం. యాకోబన్న కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. సంతోషంతోనో సిగ్గుతోనో ఆమెకు తెలియలేదు. ఆయనకు పట్టిన చెమట మాత్రం ఆగలేదు. అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

"ఆటో తోలుకస్త."

"పోకు." ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కన్ని ఉండలేను."

రాములవ్వ సందులోకి చూసి గట్టిగా కేకేసింది. మళ్లీ వేసింది. పలికినవాళ్లు లేరు.

"నీళ్లు" అన్నాడు.

"నా చేతివా?"

"నీ చేతియే."

కుండలో ముంచి తెచ్చి తాగించింది. రెండు గుటకలు మింగాడు, మిగతావి గడ్డం మీంచి కారాయి. "ప్రార్థన జెయ్యి" అన్నాడు. మగవాళ్ల ముందు ఆడది నోరు విప్పి ప్రార్థన చేయరాదని కట్టడి చేసింది ఆయనే. ఆ మాట ఇద్దరికీ గుర్తుంది.

ఆమె కళ్లు మూసుకోలేదు. మూస్తే ఆయన ఇంకా భయపడతాడేమోననిపించింది. ఆయన మొహంలోకే చూస్తూ అంది: "దేవా, గీయన మంచోడు. నా పెనిమిటి పోయిన్నాడు బియ్యం మోస్కచ్చిండు. గిప్పుడు మస్తు భయపడుతుండు. జెర్ర దగ్గరికి రా. భయం తీసెయ్యి."

అంతే. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఎవరినో పిలిచినట్టుగా కాక, పక్కనే కూర్చున్నవాళ్లతో అన్నట్టుగా వచ్చింది మాట. వింటాడా వినడా అన్న అనుమానం ఆమెకు ఆ కాసేపు గుర్తే రాలేదు.

"సంఘంల జెప్పకు" అన్నాడు యాకోబన్న.

"ఏంది?"

"నేను గిట్ల భయపడ్డనని."

"జెప్ప."

ఆయన తల గోడకు ఆనించాడు. ఊపిరి పెద్దగా ఒకటి తీశాడు, తర్వాత ఇంకోటి, దానికన్నా చిన్నది. ఆమె ఇంకోదాని కోసం చూసింది. మణికట్టు మీద వేళ్లు వదులయ్యాయి. ఆమె కళ్లు తుడుచుకుని, ఆయనను మెల్లగా గడప లోపలికి జరిపి పడుకోబెట్టి, కళ్ల రెప్పలు మూసి, రోడ్డు వైపు నడిచింది.

రోడ్డు నిండా పొయ్యిలే. రాళ్లు పెట్టి, గుండిగలెక్కించి, ఊరంతా అక్కడే ఉంది. హన్మంతు ప్యాంటు పైకి మడిచి గరిటె తిప్పుతున్నాడు. పద్మజ ఆమెను చూసి ఆశ్చర్యపోయింది.

"అగో, రాములవ్వ. నువ్వు రావని పిలువలేదే."

"పిలిస్తే అచ్చేదాన్ని" అంది రాములవ్వ. "అజయేడి? వాళ్ల నాయిన పోయిండు."

పొద్దు గూకేసరికి యాకోబన్న ఇల్లు నిండింది. తెల్ల చీరల ఆడవాళ్లు, సంఘం మగవాళ్లు. కాళ్ల దగ్గర కూర్చున్న రాములవ్వను చూసి ఎవరూ పలకరించలేదు, లెమ్మని కూడా ఎవరూ అనలేదు. అజయ్ ఆమె పక్కనే కూలబడి ఉన్నాడు. అతన్ని దాటి ఆ మాట అనడం ఎవరికీ చేతకాలేదు. చివరికి ఒక పెద్దామె గోడ వైపు చూస్తూ, గోడనే అడిగినట్టు అడిగింది.

"ఆఖరికి ఎట్ల పోయిండు?"

అజయ్ తలెత్తాడు.

"నిమ్మలంగ పోయిండు" అంది రాములవ్వ. "జెర్రంత భయపడలే. నన్ను గూడ భయపడకన్నడు."

"స్తోత్రం" అన్నారు వాళ్లు. కొందరు ఏడ్చారు. అజయ్ మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

అబద్ధమాడేవాళ్లకు ఏ గతి పడుతుందో ఈ ఇంటి పక్క షెడ్డులోనే ఏండ్ల తరబడి విన్నది ఆమె. సంఘం అందరి ముందు, చచ్చిన మనిషి మీద, సాపుగా అబద్ధమాడింది. పైకి చూడలేదు. చూడాలనిపించలేదు. ఎవరో ఇన్నేళ్లుగా మెడ మీద పెట్టిన చేయి తీసినట్టు, మెడ తేలికగా ఉంది.

బస్సులు నడవగానే కోరుట్ల పోవాలనుకుంది. బిడ్డ లోపలికి రమ్మంటే లోపల కూర్చోవాలి. రావద్దంటే వాకిట్లో కూర్చోవాలి. ఆకలైతే మూట విప్పుకుని అక్కడే తినాలి. దానికి భయమైతే అవుతుంది, పాపం, చిన్నప్పటినుంచి నేర్పింది తనే.

ఆమె లేచి, గుంపును తప్పుకుని బయటికి వచ్చింది. యాకోబన్న నిలబడిన తలుపు పక్కన, అరుగు మీద, జనం కాళ్లు తగలని మూలకు సీతాఫలం ఉంది. ఆయన సగం తిని వదిలినది. విప్పిన చిప్పలో తెల్లటి గుజ్జు ఇంకా తడిగానే ఉంది. పక్కన, చప్పరించి ఊసిన నల్లటి గింజలు, వాకిలి పాడవకుండా ఒక్కచోటికి చేర్చి పెట్టి ఉన్నాయి.