కాపీ పట్టేవాడు

ఏలీషా చదువుతున్నాడు, నేను వింటున్నాను, మా మధ్య బల్ల మీద తడి ఆరని ప్రూఫు కాగితం పరుచుకుని ఉంది, అది బల్ల అంచు దాటి నేల మీదకు జారి, గుమ్మం దాటి ఎక్కడికో పోతోంది. "మంత్రిగారు మాట్లాడుతూ కామా కాలవలకు నీళ్ళు వదులుతామని అన్నారు ఫుల్‌స్టాప్ కొత్త పేరా," అంటున్నాడు, పత్రికాఫీసులో ఇరవై ఆరేళ్ళు నాకు ఎలా వినిపించాడో అలాగే, ఒక్క గుర్తు కూడా మింగకుండా. రాతప్రతి పట్టుకుని పైకి చదివే కాపీ హోల్డర్ అతను, చెవి అతనికిచ్చి కళ్ళు అచ్చు మీద పెట్టి తప్పులు పట్టే ప్రూఫ్ రీడర్‌ని నేను. ఈ తేడా నేను ఏనాడూ మరిచిపోలేదు, అతన్నీ మరిచిపోనివ్వలేదు. అతను చనిపోయి నలభై రోజులైందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఈ కాగితం పూర్తయ్యేదాకా ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపిస్తోంది.

"ఏంటండీ పురుషోత్తం గారూ, అలా చూస్తున్నారు?"

"నీ చదువులో తప్పు కోసం చూస్తున్నాను."

"దొరికిందా అండీ?"

"లేదు. అదే నా బాధ."

నవ్వుతాడు. ఆ నవ్వుకి గది గోడలు పసుపుపచ్చ సున్నం వేసుకుని వరండా అయిపోతాయి, నేల నిండా అమ్మాయిలు కూర్చుని ఉంటారు, అందరి ముఖాలూ అతని గొంతు వైపే తిరిగి ఉంటాయి. ఇది చూపులేని ఆడపిల్లల హాస్టల్. నేను ఇక్కడికి ఒక్కసారి కూడా రాలేదు, రమ్మని ఏలీషా ఎన్నిసార్లు పిలిచినా నాకు ఖాళీ లేదని అబద్ధం చెప్పాను. రిటైరైన మర్నాటి నుంచి ఆరేళ్ళపాటు రోజూ వచ్చి వీళ్ళకి పాఠాలు చదివి వినిపించాడట, పాత అలవాటు కొద్దీ కామాలూ ఫుల్‌స్టాపులూ పైకే అంటుంటే, ఈ పిల్లలు విసుక్కోకపోగా, అవి లేకపోతే పాఠం పాఠంలా లేదన్నారట. అతని భూస్థాపన రోజు నలభైమంది అమ్మాయిలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని సమాధుల తోటకి వచ్చారు. తిరుపతమ్మ అనే పిల్ల రెండు మాటలు మాట్లాడి చివర్లో "ఫుల్‌స్టాప్" అంది, అంతే, అక్కడున్న వాళ్ళంతా భోరుమన్నారు. నేనూ ఏడ్చాను. అయితే నాది వేరే ఏడుపు. నేను పోతే ఎవరొస్తారా అని లెక్కేసుకుని, ఆ లెక్క పది దాటక, కడుపు మండి ఏడ్చాను.

"నీకే ఎందుకు ఇంతమంది?" అని అడిగేస్తాను, కలలో నాకు సిగ్గు లేదు. "నేను నీకన్నా పనివాణ్ణి కాదా?"

"మీ అంత పనివాణ్ణి నేను చూళ్ళేదండీ. కాకపోతే మీది తప్పులు పట్టే పని. ఇంటికొచ్చాక కూడా అదే చేస్తుంటే జనం ఎందుకూరుకుంటారండీ?"

నిజమే. నేనూ రిటైరైన ఈ ఆరేళ్ళలో బంధువుల శుభలేఖలన్నీ ఎర్ర ఇంకుతో దిద్ది పెళ్ళిపిలుపులు పోగొట్టుకున్నాను. మా వీధి మందుల షాపు బోర్డు మీద ఒత్తు లేదని మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి నన్ను చూడగానే షట్టరు సగం దించేశారు. సరుకుల చీటీ నా కంట పడకుండా మా ఆవిడ జాకెట్లో దాచుకుంటుంది.

కాగితం వెంట నడుస్తున్నాం, వరండా మెట్లు దిగితే ఏలూరు కాలవ గట్టు, కాగితం నీళ్ళ మీద తేలుతోంది గానీ అచ్చు చెదరడం లేదు. అందులో ఒక ముక్క నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒక పెద్దమనిషి మృతికి పలువురు ప్రముఖులు ప్రగాఢ సంతోషం ప్రకటించారు. పదిహేడేళ్ళ కిందట సంతాపం సంతోషమై, ఉన్నదున్నట్టు అచ్చయి, ఊరంతా తిరిగిన వాక్యం అది.

"ఆ రోజు నువ్వు ఏమని చదివావు?" అంటాను.

"సంతాపం అనే చదివానండీ."

"నాకూ అలాగే వినపడింది. నా కన్నే జారింది. నీ నోరు జారిందని ఎడిటర్‌కి చెప్పాను." ఇన్నేళ్ళూ గొంతులో అడ్డం పడ్డ మాట ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. నాకు రావలసిన మెమో అతనికి ఇచ్చి, నాలుగు నెలలు పార్సిల్ సెక్షన్లో కట్టలు కట్టించారు.

"తెలుసండీ. ఎడిటర్ గారు నన్ను అడిగేటప్పుడు మీరు తలుపవతలే నిలబడ్డారు. మీ చొక్కా అంచు కనబడింది."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెబితే ఎవరు నమ్ముతారండీ? ప్రూఫ్ రీడర్ మాట చెల్లుద్దా, కాపీ హోల్డర్ మాట చెల్లుద్దా? అంతేగానీ నా మంచితనం కాదది. తిరిగొచ్చాక ఏడాదిపాటు మీ మీద కచ్చతో కావాలనే కామాలు మింగాను. అన్నీ పట్టేశారు మీరు."

నాకు ఒక్క క్షణం ఊపిరాడుతుంది. అతను దేవుడు కాడు, నాలాంటివాడే. మరుక్షణం మళ్ళీ మంట, ఎందుకంటే నాలాంటివాడే అయితే ఆ నలభైమంది నాకూ ఉండవచ్చు కదా.

"పొద్దున హాస్టల్ వార్డెన్ కృపామణి ఫోన్ చేసింది," అంటాను. "ఏలీషా గారి స్థానంలో రండి అంది. చేయాల్సిన పనేదో చెప్పింది గానీ నేను సరిగా వినిపించుకోలేదు. సాయంత్రంలోగా చెప్పమంది. నీ స్థానంలో నేనా? పైగా నా గొంతు బొంగురు."

"చదవక్కర్లేదండీ. వాళ్ళ పాఠ్యపుస్తకం చుక్కల లిపిలో తయారవుతోంది. పిల్లలు వేళ్ళతో తడిమి పైకి చదువుతారు, మనం అచ్చుపుస్తకం పట్టుకుని సరిచూడాలి. సగం అయింది, సగం నాతో ఆగిపోయింది. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి."

"అంటే నేను కాపీ పట్టుకోవాలా?"

"అవునండీ."

నాకు ఒళ్ళు మండిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫ్ రీడర్‌గా బతికినవాణ్ణి, ఆఖరికి కాపీ హోల్డర్‌నా? ఆ మాట నోట్లో ఉండగానే తిరుపతమ్మ నా వేలు పట్టుకుని కాగితం మీద పెడుతుంది. ఇప్పుడు కాగితం మీద ఇంకు లేదు, అన్నీ చుక్కలే. "చదవండి తాతయ్యా," అంటుంది. ఒక్క అక్షరం కూడా రాదు. ఆమె నా వేలు పక్కకి జరిపి గబగబా చదువుకుపోతుంది, కామా, కామా, ఉన్నట్టుండి ఆగి, "ఇక్కడ తప్పుంది," అంటుంది. ఏలీషా చేతిలోని అచ్చుపుస్తకంలోకి తొంగిచూస్తాను. తప్పే. నాకంటే ముందు పట్టేసింది. ఇప్పుడు ఈ పిల్ల మీద కూడా అసూయ పుడుతోంది, ఆ అసూయలో ఎక్కడో సంబరం కూడా ఉంది, అటువంటి చెయ్యి పనిచేయడం చూసి చాలా కాలమైంది.

"ఇది పట్టుకోండి పురుషోత్తం గారూ," అంటాడు ఏలీషా పుస్తకం నా వైపు చాచి. "ఇరవై ఆరేళ్ళు మీ కోసం పట్టుకున్నాను. చేతులు లాగుతున్నాయి."

చెయ్యి చాస్తాను.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం, బాల్కనీ, అల్లిక కుర్చీ. కుర్చీ చేతి మీద బరువు పెట్టి పడుకున్నానేమో, మణికట్టు నుంచి మోచేతి దాకా అల్లిక ముడులన్నీ చర్మం మీద వరసలు వరసలుగా అచ్చుపడి ఉన్నాయి. కళ్ళు మూసుకుని వాటి మీద వేలు పోనిచ్చాను. ఏమీ అర్థం కాలేదు.

ఏలీషా మీద అసూయ మాత్రం అలాగే ఉంది. కృపామణికి ఫోన్ చేసి, తిరుపతమ్మ ఉంటే ఇవ్వమన్నాను.

"ఎవరండీ?" అంది ఆ పిల్ల.

"రేపటి నుంచి నీ కాపీ హోల్డర్‌నమ్మా," అన్నాను.