ఆముదం తాగిన కుట్టుమిషన్

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంజన్న ఊరంతా చెబుతాడు. శుద్ధ అబద్ధం. నేను ఒక రహస్యాన్ని పద్నాలుగేళ్లు కడుపులో దాచుకున్నాను. అది బయటపడింది కూడా నా నోటివల్ల కాదు, ఒక కుట్టుమిషన్ వల్ల.

మా పక్కిల్లు ఫకృన్నీసా ఆపాది. పటాన్‌చెరు బజారు వెనక సందులో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, ఆ గోడకు ఒక చిన్న దర్వాజా. ఏడాదికొకసారి పుట్టింటికి పోవడం తప్ప ఆపా గడప దాటి బయటికి రాదు గానీ ఊళ్లో ఆడవాళ్ల రవికలన్నీ ఆమె చేతిమీదే తయారవుతాయి. ఆమె పెళ్లికి వాళ్ల నాయన ఇచ్చిన చేతిమిషన్ అది. నల్లటి ఒంటిమీద బంగారు రంగు పూలు, పక్కన తిప్పడానికి చెక్కపిడి.

"మా అబ్బా ఇచ్చింది. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న రిపేరుకు పోలే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది ఆపా. పక్కన కూర్చున్న ఆమె పెనిమిటి వహాబన్న అవునవునని తల ఊపేవాడు.

ఆ మిషన్ అంత గట్టిగా ఎందుకుందో నాకొక్కదానికే తెలుసుననుకునేదాన్ని. నేను రైతు ఇంటి బిడ్డను. బండి ఇరుసుకు ఆముదం పెట్టకపోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆపా మాత్రం బట్టకు మరకలవుతాయని నూనె పేరెత్తితేనే భయపడేది. నెలకు రెండు చుక్కలు, అదీ పసిపిల్లకు ఉగ్గు పోసినట్టు! అందుకని ప్రతి శుక్రవారం ఆమె లోపలి గదిలో నమాజుకు నిలబడగానే నేను ఆ దర్వాజాలోంచి దూరి, మిషన్‌కు కనిపించిన ప్రతి బెజ్జంలోనూ ఇంత ఆముదం పోసి, పైన కొంగుతో తుడిచి వచ్చేదాన్ని. ఏళ్ల తరబడి మిషన్ నదురూబెదురూ లేకుండా నడిచింది. కష్టం నాది, పేరు వాళ్ల అబ్బాది. పోనీలే అనుకున్నాను.

రెండేళ్ల కింద వహాబన్న కాలం చేశాడు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆయన పోయాక మిషన్‌కు కూడా పాడుబుద్ధి పట్టింది. నాలుగు కుట్లు వేసి ఐదోది దాటేసేది, దారం తెంపేది. ఇంటాయన పోయిన దుఃఖం దానికీ ఉంటుంది కదా అని ఆముదం ఇంకాస్త పెంచాను. లాభం లేకపోయింది.

ఈ ఏడు రంజానుకు ముందు ఆపా తమ్ముడు యాకూబ్ పట్నం నుంచి కొత్త కాలుమిషన్ తెచ్చాడు. పాతదాన్ని గోనెసంచిలో కట్టి సంగారెడ్డిలో గులాం రసూల్ అనే రిపేరు సాబుకు ఇచ్చేశాడు, లోపలి సామాన్లన్నా పనికొస్తాయని.

"పాతసామానే సామాను. గీ కొత్తది ఒక్క వానకాలం ఆగది సూడు," అన్నాను.

"నువ్వు పాత చింతకాయ పచ్చడి, శివమ్మక్కా," అని నవ్వాడు యాకూబ్.

నవ్వితే నవ్వాడు. కొత్తదానికి మాత్రం నేనేం అన్యాయం చేయలేదు. పాతదానికి పోసినట్టే దానికీ శుక్రవారం తప్పకుండా ఆముదం పోశాను.

వానలు పడ్డాయి, పీర్ల పండుగ వచ్చింది. ఆంధ్రా తెలంగాణా కలుస్తాయా కలవవా అని మగవాళ్లు బజార్లో కొట్లాడుకుంటున్నారు. మా ఆడవాళ్లకు మాత్రం దట్టీల రంది. దట్టీ అంటే మొక్కుకున్నవాళ్లు పీరుకు కట్టే రంగుగుడ్డ, జరీ అంచుతో. అందులో హిందువులని, తురకలని లేదు, మొక్కు ఎవరిదైనా మొక్కే. విత్తనాలప్పుడు అంజన్నకు జ్వరం వస్తే నేనూ ఒక ఆకుపచ్చ దట్టీ మొక్కుకున్నాను. ఈ ఏడు నలభై దట్టీలు ఆపా ఒప్పుకుంది. తొమ్మిదో రోజుకు అందరివీ చేతికందాలి. పదోరోజు పీర్లు వెళ్లిపోతాయి, ఆ తర్వాత దట్టీ ఎవరికి కడతాం?

ఆరోరోజు పొద్దున కొత్తమిషన్ పట్టేసింది. ఆపా ఎంత తొక్కినా చక్రం కదల్లేదు. పట్టా జారి కిందపడింది. గోడ అవతలినుంచి ఆ చప్పుడు విని పరుగున వెళ్లాను.

"నేను చెప్పలే?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఎంత సంతోషమేసిందో దాచడమెందుకు.

ఆపా తల ఎత్తింది. కళ్లనిండా నీళ్లు. "నలభై ఇండ్ల మొక్కులు నా చేతుల ఉన్నయి శివమ్మా. గీసారి మాట తప్పితే ఇగ నా గడపల ఎవరు అడుగు పెడ్తరు? నా పొయ్యి మండేది గీ పనిమీదనే గద."

నా సంతోషం అక్కడికక్కడే చచ్చింది.

"నువ్వు పరేషాన్ గాకు. పాతది ఎక్కడున్నా నేను తెస్త," అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకు సంగారెడ్డి వెళ్లాను. గులాం రసూల్ సాబు దుకాణం బస్సులు ఆగే చోటికి దగ్గరే. తెల్లగడ్డం, ముక్కుమీద అద్దాలు, చుట్టూ విప్పిన పెట్రోమాక్సులు, స్టవ్‌లు, మిషన్లు. ఆపా పేరు చెప్పగానే మూలనున్న గోనెసంచి విప్పాడు. మన మిషనే. ఒక్క మర కూడా విప్పలేదు.

"సామాన్లకు ఇప్పుకోమన్నడు ఆ పిల్లగాడు. నాకు చెయ్యి రాలే," అన్నాడు. "కూసో అమ్మా. పొద్దుగూకకముందే నడిపిచ్చి ఇస్త."

నేను ఊరుకోలేక, "పాతసామానంటే గట్ల ఉండాలె. పందొమ్మిదేండ్లల్ల ఒక్కసారన్న రిపేరుకు రాలే," అన్నాను గర్వంగా.

సాబు అద్దాల పైనుంచి నన్ను చూశాడు. మిషన్‌ను ఒరిగించి అడుగు చూపించాడు. ఇనుముమీద వరసగా సన్నటి చుక్కలు, మేకుతో కొట్టినవి.

"నా చేతికి వచ్చిన మిషన్‌కు వచ్చినప్పుడల్ల ఒక చుక్క కొడ్త. మా అబ్బా నేర్పిన రివాజు. లెక్కపెట్టు."

పదిహేడు ఉన్నాయి.

"వహాబ్ ఏడాదికొక్కసారి తెచ్చేటోడు, పీర్ల పండుగ పని మొదలుగాకముందు. పైన నల్ల ఒళ్లు, చక్రం, పిడి, గివ్వే పాతయి. లోపల ఉన్నయన్ని నేను మార్చినయే. మామ ఇచ్చిన మిషన్ ఖరాబైందంటే ఆమె మనసు ఖరాబైతదని, ఎవరికి చెప్పొద్దని నాతోని కసం ఏపిచ్చుకున్నడు. నువ్వు గూడ చెప్పొద్దు."

చుక్కలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. పదిహేడే.

సాబు లోపలి మరలు విప్పి వేలితో ఏదో గీకాడు. నల్లటి బంక. "మొదటి ఐదేండ్లు మంచిగనే వచ్చింది. తర్వాత ఎవలు మొదలుపెట్టిండ్రో గనీ, ప్రతి ఏడు గిట్ల ఆముదం జిడ్డే. గీకలేక నా పానం పోయేది. ఎవలయ్యా గా పుణ్యాత్ములు అని అడిగితే, వహాబ్ నవ్వి ఊకుండేటోడు."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వహాబన్నకు తెలుసు. పన్నెండేళ్లు నేను పోసింది ఆయన సంగారెడ్డికి మోసుకొచ్చి కడిగించాడు. ఒక్కనాడు, ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ ఇంట్లో చాయ్ తాగుతూ, ఆయన ముందే పాతసామాను గొప్పలు చెప్పేదాన్ని.

"సాబూ," అన్నాను చివరికి, "కొత్త మిషన్‌ల గూడ ఆముదం పోస్తే?"

ఆయన నా మొఖం చూశాడు, తర్వాత నా కొంగు చూశాడు. "స్టవ్‌ల పోసే గ్యాసునూనెతోని కడిగితే నడుస్తది. పాతదైనా కొత్తదైనా ఇనుము ఇనుమే. సూసుకునేటోళ్లు ఉండాలె," అని తిరిగి పనిలో పడ్డాడు.

సాయంత్రం బస్సులో మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొకాళ్లు పచ్చడయ్యాయి. "అంత బరువు ఏందమ్మా గది?" అన్నాడు కండక్టరు. నా నేరం అని చెప్పాలనిపించింది.

ఇల్లు చేరేసరికి ఆపా చేత్తో ఆరు దట్టీలు కుట్టింది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంది. మిషన్ ముందు పెట్టగానే పిడి తిప్పింది. ఒక్క కుట్టు దాటలేదు. ఇక ఆ రెండురోజులూ ఆమె తిప్పడం, నేను దారాలు తెంపి మడతలు పెట్టడం. తొమ్మిదోరోజు మధ్యాహ్నానికి ఆఖరిది, నా ఆకుపచ్చ దట్టీ, మిషన్‌మీదికి ఎక్కింది.

సాబు చెప్పొద్దన్న మాటను నేను రెండురోజులు ఆపగలిగాను. అంజన్న ఈ సంగతి గమనించాలి. కానీ ఆ దట్టీ చూస్తుంటే ఇక నావల్ల కాలేదు.

"ఆపా, మిషన్ కింద..."

"చుక్కలా?" అంది ఆపా, తిప్పడం ఆపకుండా.

"నీకెట్ల తెలుసు?"

"రోజు తుడిసేది నేనే గద. మొదటి ఏడు ఒకటి, రెండో ఏడు రెండు."

"మరి రిపేరుకు పోలే, పోలే అని అందరికి చెప్తుంటివి?"

"గా మాట అన్నప్పుడల్ల ఆయన మొఖం సూడలేదా నువ్వు? ఎంత సంబురమో!" ఆపా నవ్వింది. "బక్రీదు కాంగనే ప్రతి ఏడు వెలిమెలకు పుట్టింటికి ఎందుకు పోతుంటి అనుకున్నవ్? అమ్మ పోయి పదేండ్లాయె. మా వదినె మొఖం సూసుటానికి పోతనా? ఆయనకు మిషన్ కొంచబోయే సందు ఇయ్యాలె గద శివమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ, ఇదే సమయమని, "ఆపా, కొత్తది పట్టేసింది నావల్లనే. ఆముదం..." అన్నాను.

"గది గూడ తెలుసు. శుక్రవారం నమాజు సదివి లేస్తే ఇల్లంత ఆముదం వాసన."

"మరి ఒక్కనాడన్న తిట్టకపోతివి?"

"తిడితే నువ్వు రాకపోదువు," అంది ఆపా. "ఆయన గూడ గదే అన్నడు."

ఆకుపచ్చ దట్టీకి చివరి కుట్టు వేసి, దారం పంటితో తెంపి, మడిచి నా చేతిలో పెట్టింది. పిడిమీద చెయ్యి అలాగే ఉంచి, నావైపు చూడకుండా అంది:

"వచ్చే ఏడు బక్రీదు కాంగనే నేను వెలిమెలకు పోత, వారం దినాలు. నడుమ దర్వాజకు గొళ్లెం పెట్టను."